మూట తేలిక, లెక్క బరువు

నందికొట్కూరు బస్టాండు చుట్టుపక్కల పొద్దున్నే బాగా అమ్ముడుపోయేది ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తిరగమోత పెడతారు. పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి చేతికిస్తారు. పొలం పనికి పోయే కూలీలు, మిడుతూరు, పగిడ్యాల, జూపాడుబంగ్లా వైపు నుంచి ఆఫీసు పనుల మీద వచ్చినవాళ్లు నిలబడే తినేసి పోతుంటారు. కర్నూలు, అనంతపురం మొదలుకొని బళ్లారి దాకా ఇదే వరస. దావణగెరెలో కన్నడవాళ్లు మండక్కి ఒగ్గరణె, మిర్చి అంటూ తినేదీ దీని చుట్టమే.

గిరాకీ ఇంత ఉంది. మరి బొరుగులు వేయించే బట్టీలు ఎందుకు పెరగవు? తరం మారినా అదే రేకుల షెడ్డు, అదే మసిగోడ ఎందుకు? ఈ సంగతి కనుక్కుందామని ఊరి అంచున ఉన్న ఒక బట్టీకి వెళ్లాను. యజమాని, ఆయన భార్య, డిగ్రీ పూర్తి చేసిన కొడుకు ముగ్గురూ ఓపిగ్గా మాట్లాడారు. పేర్లు మాత్రం రాయొద్దన్నారు. “బాకీలోళ్లు చదివితే బాగుండదు సార్” అన్నాడు పెద్దాయన. ఎవరు ఎవరికి బాకీయో మాత్రం చెప్పలేదు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే ముందు తగిలేది వేడి, తర్వాత ఉప్పు కలిసిన కమ్మని వాసన. బొరుగులకు మామూలు బియ్యం పనికిరావు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం కావాలి. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, సన్నసెగ మీద తిప్పుతూ తడి తగినంత మేరకు ఆరనివ్వాలి. అక్కడే పనితనమంతా. తడి ఎక్కువైతే గింజ గట్టిగా ఉండిపోతుంది, మరీ ఆరితే పొంగకుండా మాడుతుంది. ఆ తర్వాత కాగిన ఇసుకలో వేస్తే కొన్ని సెకన్లలో గింజ ఎనిమిది, పది రెట్లు ఉబ్బుతుంది. గింజలోపల మిగిలిన కాస్త తేమ ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నడమే ఇందులో కిటుకు. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. వెనకటికి ఇదంతా పెద్ద మూకుడు ముందు కూర్చుని చేత్తో చేసేవారు. ఇప్పుడు కరెంటు మోటారుతో తిరిగే డ్రమ్ము వచ్చింది. పొయ్యిలోకి మాత్రం ఇంకా కట్టెలు, వరిపొట్టే.

జొన్న, కొర్ర పండే ఈ నేలకు వరి కాలువతో పాటు నడిచి వచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863 నుంచి 1871 దాకా తవ్వించింది. పొడవు 305 కిలోమీటర్లు. నీళ్లు పారించడమే కాక, దాని మీద పడవలు నడిపి కూడా సంపాదించాలని ఆ కంపెనీ ఆశ. రెండు ఆశలూ అనుకున్నంతగా పండలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఈ ప్రాంతంలో వ్యాపారం పెంచుకోబోయి చేతులు కాల్చుకున్న మొదటి పెద్ద సంస్థ బహుశా అదే. కాలువ మాత్రం మిగిలింది, దాని వెంట వరీ మిగిలింది.

బట్టీ యజమాని సంగతి సూటిగా మొదలుపెట్టాడు.

“నేను అమ్మేది గాలి సార్.”

ఇది మాటవరసకు అన్నది కాదు. డెబ్బై కిలోల బియ్యం పట్టే గోతంలో బొరుగులైతే పది కిలోలు పట్టించడమే కష్టం. పది టన్నులు మోసే లారీకి బొరుగులు ఎత్తితే మూడు టన్నులు కాకముందే తొట్టి నిండిపోతుంది. బాడుగ మాత్రం నిండు లారీ బాడుగే. అందుకే ఇక్కడి బొరుగులు హైదరాబాదు చేరేలోపు బాడుగే లాభాన్ని తినేస్తుంది. అదే కారణంగా బయటి ఊళ్ల పెద్ద మిల్లు కూడా ఇక్కడికి వచ్చి ఈయన్ని దెబ్బకొట్టలేదు. ఒక బట్టీ సరుకు బండి మీద ఎంత దూరం పోగలదో అంతే దాని రాజ్యం. ఈ వ్యాపారాన్ని కాపాడుతున్నదీ, ఎదగనివ్వకుండా పట్టి ఉంచుతున్నదీ ఆ తేలికదనమే. రాబడి పెంచుకోవడం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మొదట చెప్పేది కొత్త ఊళ్లకు విస్తరించమని. సిమెంటుకు, సబ్బుకు పనికొచ్చే ఆ సలహా బొరుగుల మూట దగ్గర చెల్లదు.

మరి ఏం చేయాలి? ఇంట్లో ముగ్గురివి మూడు దారులు.

తండ్రిది మూట దారి. డ్రమ్ము ఇంకో రెండు గంటలు ఎక్కువ తిప్పి, నాలుగు మూటలు ఎక్కువ వేయించి, కిరాణా కొట్లకు దించడం. “మూటకింత అని లెక్క రాసుకుంటే నాకు రాత్రి నిద్ర పడతాది” అంటాడాయన. చిక్కు ఏమిటంటే ఆ లెక్కలో సగం బాకీ పుస్తకంలోనే ఉంటుంది. కొట్టువాడు కొత్త మూట దించుకుని పాత మూట డబ్బులిస్తాడు. మూటలు పెరిగిన కొద్దీ బయట నిలిచిన సొమ్మూ పెరుగుతుంది. బియ్యం కొనడానికేమో మిల్లులో రొక్కం కట్టాలి. అమ్మకం పెరిగిన నెలలోనే చేతిలో డబ్బు ఆడకపోవడం చిన్న వ్యాపారుల్లో చాలామందికి తెలిసిన బాధ. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. గడువు దాటితే కొన్నవాడికి ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకునే వీలు ఆ ఏడాదికి పోయేలా 2024 ఏప్రిల్ నుంచి మెలిక కూడా పెట్టారు. పెద్ద కంపెనీకి సరుకు వేసేవాడికి అది ఆయుధమే. పక్కవీధి కిరాణా కొట్టు మీద, అందులోనూ పెళ్లికి పిలిచిన మనిషి మీద, ఎవరు కేసు పెడతారు?

ఊళ్లో ఒకటికి మించి బట్టీలుంటే ఇంకో తలనొప్పి. ఒకడు మూట మీద పది తగ్గిస్తే రెండోవాడు పదిహేను తగ్గిస్తాడు. ఈ జిల్లాల్లో ఇలాంటి పోటీకి విరుగుడు కనిపెట్టిన మనిషి లేకపోలేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు కొనడం, బట్ట అమ్మడం సంఘం చేతిలోకి తీసుకుని, నేతగాడు మగ్గం మీద పని చూసుకునే వీలు కల్పించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొరుగుల బట్టీలవాళ్లు కూడా కలిసి బియ్యం కొంటే ఎట్లా ఉంటుందని అడిగాను. పెద్దాయన నవ్వి, “మంచిదే సార్, ముందు మేం మాట్లాడుకోవాల గదా” అన్నాడు.

కొడుకుది ప్యాకెట్ దారి. మసాలా బొరుగులు, వెల్లుల్లి కారం బొరుగులు, పేరు అచ్చేసిన రంగుల కవరు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ. ఇవన్నీ తండ్రి ముందే వరసగా చెప్పాడు, చాలాసార్లు చెప్పి ఉన్న మనిషిలా. కుర్రవాడి మాటల్లో పస ఉంది. విడి బొరుగులకు ఎక్కడా పేరుండదు, ప్యాకెట్‌కు ఉంటుంది. తేలిక సరుకును ఎక్కువ ధరకు అమ్మిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకు కంటే తేలికైనది ఏముంది? దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టెలో పది రేకులు పేర్చి ఊళ్లు దాటించినా బాడుగ లెక్కలోకి రాదు, కొనేవాడు కానుకగా కొంటాడు కాబట్టి. బొరుగులను చుట్టాలింటికి కానుకగా ఎవరు పట్టుకుపోతారు? కుర్రవాడి ప్యాకెట్‌కు అసలు అడ్డంకి అదే. అది బెంగళూరు కంపెనీల చిప్స్ పక్కన వేలాడాలి. ఆ కంపెనీలు కొట్టువాడికి ఇచ్చే కమీషన్‌తో పోటీ పడాలి.

పైగా ప్యాకెట్ అనగానే కాగితాలు మొదలవుతాయి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ పెద్ద భారం కాదు. చిన్న వ్యాపారికి ఏడాదికి 100 రూపాయల రుసుము, కవరు మీద 14 అంకెల నంబరు. బరువు, గరిష్ఠ ధర, తయారీ తేదీ, చిరునామా అచ్చు వేయాలి. జీఎస్టీ దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. విడిగా అమ్మే బొరుగుల మీద పన్ను లేదు. ముందే కట్టి, లేబుల్ వేసిన చిన్న ప్యాకెట్ అయితే 2022 జులై 18 నుంచి 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకం దాటేదాకా సరుకుల వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు కాబట్టి, నందికొట్కూరులో తయారైన ప్యాకెట్ కర్నూలులో అమ్మితే ఇబ్బంది లేదు. అదే ప్యాకెట్ తుంగభద్ర వంతెన దాటి అలంపురం పోయిందా, అది తెలంగాణ. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రంలో అమ్మేవాడు మొదటి రూపాయి నుంచే రిజిస్టర్ కావాలి. గోతం బొరుగులు మాత్రం ఏ నంబరూ లేకుండా అదే వంతెన దాటేస్తాయి.

“ఏట్లో నీళ్లు అటూ ఇటూ ఒగటే గానీ కవరుకు మాత్రం రెండు లెక్కలు” అన్నాడు కుర్రవాడు. చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడిగి వచ్చాడట. నెల నెలా రిటర్నులు వేయించడానికి అయ్యే ఖర్చు తీసేస్తే తొలి రెండేళ్లు ప్యాకెట్ మీద మిగిలేది కొంచెమేనని తనే ఒప్పుకున్నాడు. అయినా ఆశ వదల్లేదు. కొర్ర బొరుగులు, జొన్న బొరుగులు చేస్తే పట్నంవాళ్లు ఎక్కువ ధర పెడతారన్నది అతని రెండో ఎత్తు. ఇది తీసిపారేసే ఆలోచన కాదు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక వాటికి నగరాల్లో గిరాకీ పెరిగింది. 1906 నుంచి ఉన్న నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం సూర్యనంది వంటి కొర్ర రకాలను ఇచ్చింది. గింజ పక్కనే పండుతోంది. వరి బియ్యానికి అలవాటుపడ్డ ఈ డ్రమ్ములో సన్నటి కొర్ర గింజ పొంగుతుందా, ఇసుకలో కలిసిపోతుందా అన్నది చేసి చూస్తే గానీ తేలదు.

మిషను కొనడానికి అప్పు గురించి అడిగితే ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఉంది. ఊళ్లో దీని గురించి విన్నవాళ్లు చాలామంది ఆ 35 శాతం చేతికొస్తుందని అనుకుంటారు. రాదు. సొంతంగా కనీసం పది శాతం పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు. రాయితీ సొమ్ము బ్యాంకులో అప్పు ఖాతా పేరిటే ఉండిపోతుంది. మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కడితేనే అప్పులో జమవుతుంది. నాలుగు లక్షల మిషనుకు రాయితీ లక్షా నలభై వేలు అవుతుంది గానీ, మూడేళ్లు కట్టగల సత్తా ఉందని ముందు బ్యాంకును నమ్మించాలి. బాకీ పుస్తకం చూపిస్తే బ్యాంకు నమ్మదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఇంకో చిన్న తిప్పలు. కర్నూలు దగ్గర, జిల్లా కేంద్రం నంద్యాల దూరం. పరిశ్రమల కేంద్రంలో ఒక సంతకం కావాలన్నా ఒక రోజు పని పోతుంది.

బ్యాంకును నమ్మించే కాగితం ఆ ఇంట్లో చివరికి ఇల్లాలి దగ్గర దొరికింది.

ఆమెది మూడో దారి. కొన్నేళ్ల కిందట కొడుకు కాలేజీ ఫీజుకు డబ్బులు తక్కువైతే, ఇంటి బొరుగులతోనే పొద్దున పూట ఉగ్గాని బండి పెట్టింది. అవసరం తీరాక తీసేద్దామనుకుంది, తీయలేదు. “ఆయప్ప మూటలు లెక్క పెడతాడు, నేను ప్లేట్లు లెక్క పెడతా” అంటుంది. కిలో బొరుగులు తడిపితే పన్నెండు, పదిహేను ప్లేట్ల ఉగ్గాని అవుతుంది. ప్లేటు ముప్పై రూపాయలు అనుకున్నా కిలో మీద తక్కువలో తక్కువ 360 వస్తుంది. అదే కిలో బట్టీ గడప దగ్గర మూట లెక్కన అమ్మితే అందులో నాలుగో వంతు కూడా రాదు. ఈ తేడా అంతా లాభమని ఎవరూ పొరబడకూడదు. నూనె, గ్యాసు, శనగపిండి, బజ్జీ మిరపకాయలు, ఇద్దరి కూలి పోవాలి. ఉల్లి సంగతి మరీ ఘోరం. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర ఒక నెల రైతును ఏడిపిస్తుంది, ఇంకో నెల ఈమెను. అన్నీ పోయినా మిగిలేది రొక్కం. ఉగ్గాని తిని బాకీ పెట్టేవాడు అరుదు.

దారి మీద ఉండటం ఆమెకు కలిసొచ్చిన ఇంకో సంగతి. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోయే దారి ఇది. శివరాత్రికి, ఉగాదికి కాలినడక భక్తులు ఇటే వస్తారు. ఉగాదికైతే కర్ణాటక నుంచి వేలాదిగా నడిచి వచ్చి, ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు అడవి బాట పడతారు. ఆ రోజుల్లో దాతలు దారి పొడవునా భోజనాలు పెడతారు కాబట్టి ఈ ఇంటి సరుకుకు గిరాకీ పడిపోవాలి. పడిపోదు. ఎందుకంటే ఆ దాతలే బొరుగులు మూటలకు మూటలు కొంటారు, ముందు డబ్బులిచ్చి మరీ. పీర్ల పండుగ, ఊరి జాతర్లు వచ్చినప్పుడు బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి అమ్ముడవుతాయి. ఏ వారంలో ఎంత పోతుందో ఆమె నోటి లెక్కగా చెబుతుంది. ఆ లెక్కను బట్టి బియ్యం ముందే కొనిపెట్టడం ఈ మధ్యే మొదలైందట. కొడుకు చదువు ఇంటికి పనికొచ్చింది అక్కడ. అమ్మ నోటి లెక్కను వారాల వారీగా కాగితం మీద పెట్టాడు.

అసలు మార్పు తెచ్చింది మాత్రం బండికి వేలాడదీసిన క్యూఆర్ కోడు అట్ట. దాంతో పాటు, ఫోను నుంచి డబ్బు పడగానే అమౌంటు పైకి చదివే పెట్టె ఒకటి. అది మొదట్లో ఆమెకు విసుగు. ఇప్పుడు బజ్జీలు వేయించుతూనే చెవితో లెక్క చూసుకుంటుంది. రోజూ పొద్దున పడే చిన్న చిన్న మొత్తాలు ఏడాదయ్యేసరికి బ్యాంకు స్టేట్‌మెంటులో పేజీల కొద్దీ అయ్యాయి. ఆ ఇంటి వ్యాపారం గురించి బయటివాడు చదవగలిగిన మొదటి పుస్తకం అదే. బట్టీకి డ్రమ్ము మిషను తెచ్చిన ముద్రా అప్పు ఆమె ఖాతా చూసే ఇచ్చారు. పెద్దాయన ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు.

ఆమెకు బ్యాంకంటే భయం లేకపోవడానికి వెనక పెద్ద కథే ఉంది. ఇక్కడికి దగ్గర్లోని ఓర్వకల్లులో 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అండతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచిన పథకం అది. అక్కడి ఆడవాళ్లు రోజుకు రూపాయి పొదుపుతో మొదలై, గ్రామ సంఘాలు, వాటి మీద మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం కట్టుకున్నారు. విజయభారతి అనే ఆమె దానికి వెన్నెముకగా నిలిచారు. సంఘం చివరికి బాలభారతి పేరుతో సొంత బడి కూడా నడిపింది. 2000లో వచ్చిన వెలుగు పథకానికి, 2011లో దేశమంతా మొదలైన గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఆ అనుభవం పునాది రాళ్లలో ఒకటి. వ్యాపారం పెరగడం గురించి రాసేవాళ్లు ఓర్వకల్లును సాధారణంగా పేదరికం ఖానాలో వేసి వదిలేస్తారు. నా దృష్టిలో అది పొరపాటు. ప్రతి వారం పదిమంది ముందు కూర్చుని తీసుకున్న అప్పు, కట్టిన వాయిదా పైకి చదవడం అలవాటైన మనిషికి లెక్క రాయడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. ఈ ఇల్లాలూ పొదుపు సంఘం సభ్యురాలే. బండి కొన్నది సంఘం అప్పుతోనే. భర్త బాకీ పుస్తకంలో తేదీలుండవని కనిపెట్టి గొడవపెట్టుకున్నదీ ఆమే.

ముగ్గురి వాదనలూ విన్నాక నాకు ఇల్లాలి వైపే మొగ్గు. బొరుగుల లాంటి సరుకును దూరం పంపి సంపాదించడం కష్టం, తినేవాడికి ఒక్కో మెట్టు దగ్గర చేసి సంపాదించడం సులువు. మూట నుంచి పొట్లానికి, పొట్లం నుంచి ప్లేటుకు. ప్రతి మెట్టు దగ్గరా పని పెరుగుతుంది, బాకీ తగ్గుతుంది. కొడుకు ప్యాకెట్ కూడా కర్నూలు, ఆత్మకూరు దాటకుండా ఉన్నంతకాలం ఈ లెక్కలోకే వస్తుంది. కాకపోతే ఇందులో ఒక లోటు ఉంది, దాన్ని ఆమే ఎత్తి చూపింది. “నాకు జ్వరమొచ్చిన దినం బండి లేదు సార్. బట్టీకి జ్వరం రాదు.” రెండో బండి పెడదామంటే నమ్మకమైన చేయి కావాలి. పొద్దున నాలుగింటికి లేచే మనిషి దొరకడం బ్యాంకు అప్పు దొరకడం కంటే కష్టమట. సంఘంలోని ఇంకొకామెతో వాటాకు మాట్లాడుతోంది.

నేను బయల్దేరబోయే వేళకు కర్నూలు రోడ్డులోని ఒక ప్రైవేటు హాస్టలు నుంచి ఫోను వచ్చింది. వారానికి రెండు రోజులు పిల్లలకు ఉగ్గాని కావాలట. నూట యాభై ప్లేట్లు. కొడుకు వెంటనే ఒప్పేసుకోబోయాడు. తల్లి ఫోను లాక్కుని డబ్బులు ఎప్పుడిస్తారని అడిగింది. నెలాఖరుకు అన్నారు. వారానికి వారం ఇవ్వాలని, మొదటి వారానిది ముందే పంపాలని ఆమె. బజ్జీలు లేకుండా అయితే ఎంతకిస్తారని వాళ్లు. నూట యాభై ప్లేట్లకు ఎన్ని కిలోలు పడతాయో పెద్దాయన పక్కనుంచి మూటల్లోకి మార్చి చెబుతున్నాడు. రేపు చెబుతామని అవతలివాళ్లు పెట్టేశారు. తక్కువకే ఒప్పుకుని ఉండాల్సిందని కొడుకు, నెలాఖరు బాకీ ఈ ఇంట్లో ఒకటి చాలని తల్లి. నేను ఆటో ఎక్కేదాకా ఆ వాదన తెగలేదు.